ఉద్యోగుల క్షేమానికి డిజిటల్ సాధనాలు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతం

ఉద్యోగం వల్ల కలిగే ఒత్తిడిని ముందే పసిగట్టడానికి, దాన్ని తగ్గించడానికి, అది ముదిరి బర్నవుట్‌గా మారకుండా చూడడానికి వాడే ఫోన్ యాప్‌లు, సాఫ్ట్‌వేర్లు, టెలిఫోన్ సేవలు, ఒంటికి ధరించే పరికరాలను ఉద్యోగి క్షేమ డిజిటల్ సాధనాలు అంటారు. ధ్యానం నేర్పే యాప్‌లు, సలహా సేవలు మాత్రమే ఈ కోవలోకి వస్తాయని సాధారణంగా అనుకుంటారు. పనివేళలను సరిచేసే షిఫ్టు పట్టికలు, సెలవుల్ని న్యాయంగా పంచే సాఫ్ట్‌వేర్, పని ముగిశాక సందేశాలను ఆపే ఏర్పాట్లు కూడా ఇందులో భాగమే. కడప జిల్లాలోని ఈ మూడు పట్టణాలను, వాటి చుట్టుపక్కల పల్లెలను చూస్తే ఈ రెండో తరహా సాధనాల ప్రాధాన్యం బాగా తెలుస్తుంది. ఇక్కడి ఉద్యోగి చేతికి ఫోను ముందుగా హాజరు, నివేదికల కోసం వచ్చింది. క్షేమం కోసం వచ్చిన సేవలు ఆ తరువాతివి.

బర్నవుట్: లక్షణాలు, కొలమానాలు

ఈ స్థితిని మనస్తత్వ శాస్త్రంలో మొదట వర్ణించినవాడు అమెరికాకు చెందిన హెర్బర్ట్ ఫ్రూడెన్‌బర్గర్. న్యూయార్క్‌లోని ఒక ఉచిత వైద్యశాలలో పనిచేసే సిబ్బంది క్రమంగా శక్తి, ఆసక్తి కోల్పోవడాన్ని గమనించి 1974లో వ్యాసం ప్రచురించాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 22 ప్రశ్నల కొలమానాన్ని రూపొందించారు. తీరని అలసట, చేసే పని పట్ల, ఎదుటి మనుషుల పట్ల విముఖత, తన వల్ల ఏమీ కావడం లేదన్న భావన అనే మూడు అంశాలను అది కొలుస్తుంది. 2005లో డెన్మార్క్ పరిశోధకులు 19 ప్రశ్నల కోపెన్‌హాగన్ కొలమానాన్ని ప్రచురించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో బర్నవుట్‌ను వ్యాధుల జాబితాలో కాక, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా క్యూడీ85 సంకేతం కింద చేర్చారు. పనిచోట దీర్ఘకాలం ఉండే ఒత్తిడిని సరిగా అదుపు చేయకపోవడమే దీనికి మూలమని ఆ నిర్వచనం చెబుతుంది. నిర్వచనమే కారణాన్ని పనిచోట చూపిస్తున్నందువల్ల, ఉద్యోగిని మాత్రమే సరిదిద్దే సాధనం ఆ కారణాన్ని తాకదు. కుంగుబాటు, ఆందోళన వేరే వ్యాధులు, వాటికి చికిత్స వేరు (చూ. కుంగుబాటు).

కారణాలను వివరించే సిద్ధాంతాల్లో రెండు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, పనిపై ఉద్యోగికి అదుపు తక్కువగా ఉంటే ఆరోగ్యం దెబ్బతింటుందని 1979లో రాబర్ట్ కారాసెక్ ప్రతిపాదించాడు. డెమెరౌటీ, బాకర్, వారి సహచరులు 2001లో దీన్ని విస్తరించారు. పని ఉద్యోగి నుంచి కోరేవాటికి, అతనికి అందే వనరులకు మధ్య అంతరం పెరిగినప్పుడు బర్నవుట్ వస్తుందన్నారు. ఈ లెక్కలో ఒక యాప్ వనరు కావచ్చు, మరో యాప్ అదనపు భారం కావచ్చు.

చరిత్ర

ఉద్యోగులకు సంస్థ ఖర్చుతో సలహా ఇప్పించే పద్ధతి 1940లలో అమెరికా కర్మాగారాల్లో, మద్యపాన సమస్యను దృష్టిలో పెట్టుకొని మొదలైంది. 1970ల తరువాత కుటుంబ, మానసిక సమస్యలకు విస్తరించి, టెలిఫోన్ సేవగా మారింది. మన దేశంలో ఈ సేవలు 2000 తరువాత బెంగళూరు, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సంస్థల ద్వారా పరిచయమయ్యాయి. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 2012లో ఐకాల్ అనే టెలిఫోన్ సలహా సేవను ప్రారంభించింది.

మనిషితో సంభాషించే ప్రోగ్రాముకు తొలి నమూనా ఎలైజా. దాన్ని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో తయారుచేశాడు. యాభై ఏళ్ల తరువాత ఫోన్లలో వోబాట్, బెంగళూరు మూలాలున్న వైసా వంటివి వచ్చాయి. 2017లో మొదలైన వోబాట్ యాప్ 2025లో మూతపడింది.

భారాన్ని తగ్గించే మార్గంలో తొలి ప్రసిద్ధ ప్రయత్నం జర్మనీలో జరిగింది. 2011లో ఫోక్స్‌వాగన్ సంస్థ, షిఫ్టు ముగిసిన అరగంట తరువాత కొందరు ఉద్యోగుల ఫోన్లకు మెయిళ్లు వెళ్లకుండా సర్వర్ దగ్గరే ఆపింది. ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి పని తరువాత సందేశాలకు దూరంగా ఉండే హక్కు చట్టబద్ధమైంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26న అటువంటి హక్కు అమల్లోకి వచ్చింది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018 డిసెంబరులో ఇదే ఉద్దేశంతో ప్రైవేటు సభ్యుల బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు.

2020 కోవిడ్ లాక్‌డౌన్‌తో పని ఇంటికి వచ్చింది, సలహా సేవలు ఫోనులోకి వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్‌ను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగుతో సహా 20 భాషల్లో సేవ ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి ఉన్నత కేంద్రం. 2024 అక్టోబరులో దీని మొబైల్ యాప్ విడుదలైంది.

సాధనాల రకాలు

గుర్తించే సాధనాల్లో ప్రశ్నావళులు ముఖ్యం. కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9, ఆందోళనకు జీఏడీ-7 విస్తృతంగా వాడతారు. నెలకోసారి నాలుగైదు ప్రశ్నలతో ఫోనుకు పంపే చిన్న సర్వేలు కూడా ఈ వర్గంలోవే. గుండె లయను, నిద్రను కొలిచే చేతి గడియారాలు శరీరం అలసటను సూచించగలవు. అలసటకు కారణం ఏమిటో అవి చెప్పలేవు.

సహాయం అందించేవి మరో వర్గం: టెలిఫోన్, వీడియో సలహా, ప్రవర్తనా చికిత్స పద్ధతిలో తయారైన పాఠాలు, ధ్యానం, నిద్ర యాప్‌లు, సంభాషణా ప్రోగ్రాములు. వీటిలో శిక్షణ పొందిన మనిషి వెనుక ఉన్నవి, లేనివి అని విడదీసి చూడాలి. ఆత్మహత్య ఆలోచనలు చెప్పుకునే వ్యక్తిని వెంటనే మనిషికి అప్పగించే ఏర్పాటు లేని యాప్‌ను పనిచోట ప్రవేశపెట్టడం ప్రమాదకరం.

మూడో వర్గం పని అమరికను మార్చేది. షిఫ్టు పట్టిక, సెలవు మంజూరు, పని పంపిణీ, ఒకసారి నమోదైన వివరాన్ని మళ్లీ అడగకుండా చూసే సమాచార అనుసంధానం ఇందులోకి వస్తాయి. వీటికి క్షేమ సాధనాలన్న పేరు అరుదుగా దొరుకుతుంది.

పనిచేసే తీరు

సంస్థాగత సాధనాలు సాధారణంగా మూడు దశల్లో నడుస్తాయి. ఉద్యోగుల జవాబులు, పనిగంటలు, సెలవుల సమాచారం సేకరించడం మొదటిది. వ్యక్తుల పేర్లు తీసేసి విభాగాల వారీగా క్రోడీకరించడం రెండోది. ఏ విభాగంలో భారం పెరిగిందో చూసి, సిబ్బందినో పనివేళలనో సర్దడం మూడోది. మూడో దశ జరగకపోతే మొదటి రెండూ ఉద్యోగికి మరో పని మాత్రమే అవుతాయి.

పేరు తీసేసినంత మాత్రాన గోప్యత రాదు. వందలమంది ఉన్న కర్మాగారంలో ఒకరి జవాబు గుంపులో కలిసిపోతుంది. నలుగురు ఉపాధ్యాయులున్న పల్లె బడిలోనో, పదిమంది ఉన్న గ్రామ సచివాలయంలోనో ఎవరు ఏమి రాశారో పసిగట్టడం కష్టం కాదు. అందుకే చిన్న బృందాల ఫలితాలను విడిగా చూపకుండా మండలం లేదా డివిజన్ స్థాయిలో కలపడం మంచి పద్ధతి.

భాషకూ ఇంతే ప్రాముఖ్యం ఉంది. రాయలసీమలో మనసు బాగోలేదని నేరుగా చెప్పేవారు తక్కువ. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, కడుపులో మంట, పనంటే యాష్టగా ఉండడం వంటి మాటల్లో ఆ సంగతి బయటపడుతుంది. ప్రశ్నావళిని తెలుగులో పెట్టడంతో పాటు శరీర బాధల గురించి కూడా అడిగితేనే ఇక్కడి వాస్తవం నమోదవుతుంది.

ప్రాంతంలో పరిస్థితి

బడులు. ప్రభుత్వ ఉపాధ్యాయుల అనుభవం ఈ అంశానికి అత్యంత స్పష్టమైన ఉదాహరణ. 2022 ఆగస్టు 16న రాష్ట్రవ్యాప్తంగా ముఖ గుర్తింపు హాజరు యాప్‌ను ప్రవేశపెట్టారు. ఉపాధ్యాయులు దాన్ని సొంత ఫోన్లలోనే పెట్టుకోవాల్సి వచ్చింది. ఉదయం 9 గంటలలోగా హాజరు నమోదు కావాలన్న నిబంధన, సిగ్నల్ అందని ఊళ్ల సమస్య, వ్యక్తిగత సమాచార భద్రత కారణాలుగా ఉపాధ్యాయ సంఘాలు వ్యతిరేకించాయి. చర్చల తరువాత ప్రభుత్వం కొంత గడువు ఇచ్చింది. 2023 జనవరి నుంచి ముఖ గుర్తింపు హాజరును ఇతర ప్రభుత్వ శాఖలకూ విస్తరించారు.

హాజరుకు తోడు మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల శుభ్రత, విద్యార్థుల కిట్లు, పరీక్ష మార్కులు వేర్వేరు చోట్ల నమోదు చేయాల్సి రావడం పాఠం చెప్పే సమయాన్ని తిన్నదన్నది సంఘాల ప్రధాన ఫిర్యాదు. మరుగుదొడ్ల ఫోటోలు తీసి పంపే బాధ్యతను 2024లో ఉపాధ్యాయుల నుంచి తొలగించారు. 2025లో పాఠశాల విద్యాశాఖ తన యాప్‌లను లీప్ అనే ఒకే యాప్‌లోకి తెచ్చింది. ఈ రెండు చర్యలనూ పరిపాలనా సంస్కరణలుగానే ప్రకటించారు. భారం తగ్గించడమే కొలమానంగా చూస్తే, రాష్ట్రంలో ఉద్యోగి క్షేమం కోసం జరిగిన డిజిటల్ మార్పుల్లో ఇవి ముందు వరుసలో నిలుస్తాయి.

ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీలు. ఏఎన్ఎంల రిజిస్టర్లకు బదులుగా అన్‌మోల్ అనే ట్యాబ్లెట్ అప్లికేషన్ 2016లో దేశంలో మొదట ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైంది. కాగితం పని తగ్గించడం దాని ఉద్దేశం. తరువాతి ఏళ్లలో జాతీయ, రాష్ట్ర పథకాలకు విడివిడి యాప్‌లు చేరాయి. కొన్నిచోట్ల రిజిస్టర్లు కూడా కొనసాగడంతో ఒకే గర్భిణి వివరాలను పలుమార్లు రాయాల్సి వచ్చింది. అంగన్‌వాడీ కేంద్రాల్లో 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ వచ్చింది. ఇంటికి తీసుకెళ్లే రేషన్‌కు ముఖ గుర్తింపు 2025 జూలై నుంచి తప్పనిసరైంది. లబ్ధిదారు ముఖం యాప్‌లో సరిపోకపోతే సమాధానం చెప్పుకోవాల్సింది కార్యకర్తే. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మెలో వేతనం, గ్రాట్యుటీ ప్రధాన డిమాండ్లు. యాప్‌ల భారం తగ్గించాలన్న కోరిక సంఘాలు తరచూ వినిపిస్తున్నదే.

ఈ కార్యకర్తలే ఇతరుల మానసిక ఆరోగ్యానికి డిజిటల్ సాధనం పట్టుకొని వెళ్లిన ప్రయోగమూ రాష్ట్రంలో జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో నిర్వహించిన స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్లతో కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ముప్పు ఉన్నవారిని గుర్తించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యులకు చికిత్స నిర్ణయంలో అదే వ్యవస్థ తోడ్పడింది. పశ్చిమ గోదావరి, హర్యానా పల్లెల్లో జరిపిన విస్తృత పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో కుంగుబాటు తగ్గిందని తేలింది. అటువంటి పరీక్షను కార్యకర్తలకే చేయించే ఏర్పాటు సాంకేతికంగా కష్టమైనది కాదు.

షిఫ్టు పరిశ్రమలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మధ్య ప్రాంతంలో పని అంటే చాలా కుటుంబాలకు షిఫ్టే. 1650 మెగావాట్ల రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం, ఎర్రగుంట్ల చుట్టూ ఉన్న సిమెంటు కర్మాగారాలు, మైలవరం మండలం నవాబుపేటలోని సిమెంటు కర్మాగారం రాత్రీపగలూ నడుస్తాయి. పులివెందుల సమీపంలో వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న గనుల చట్టం, 1952 భూగర్భంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదని చెప్పింది.

సి షిఫ్టు, అంటే రాత్రి షిఫ్టు, శరీర గడియారాన్ని తలకిందులు చేస్తుంది. రాత్రి షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యేవాటిలో చేర్చి, 2019లో అదే వర్గీకరణను మళ్లీ ఖరారు చేసింది. ఇక్కడ ఉపయోగపడేది ధ్యానం యాప్ కంటే షిఫ్టు పట్టిక సాఫ్ట్‌వేర్. వరుస రాత్రుల సంఖ్యకు హద్దు పెట్టడం, ఎ నుంచి బికి, బి నుంచి సికి ముందుకు తిప్పడం, రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటల విరామం ఉండేలా చూడడం, ఓవర్‌టైమ్ (ఓటీ) ఒకరిద్దరి మీదే పడితే హెచ్చరించడం అది చేయగలదు. కాంట్రాక్టు కార్మికుల షిఫ్టులు ప్రధాన సంస్థ రికార్డుల్లో కాక కాంట్రాక్టరు దగ్గర విడిగా ఉన్నచోట ఈ హెచ్చరికలు వారికి వర్తించవు. అలసట ఎక్కువగా ఉండేది తరచూ వారిలోనే కాబట్టి ఇది పెద్ద లోపం.

ఆర్టీసీ. మూడు పట్టణాల్లోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. 2020 జనవరి 1న సంస్థ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది, ఐదు గంటల తరువాత అరగంట విశ్రాంతి తప్పనిసరి చేసింది. నైట్ అవుట్ బస్సులు, డబుల్ డ్యూటీలు, 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం వల్ల పెరిగిన రద్దీ డ్రైవర్లు, కండక్టర్ల అలసటను నిర్ణయిస్తాయి. డ్యూటీ చార్టును ముందుగా ఫోనులో చూసుకొని, తోటి ఉద్యోగితో మార్చుకొనే వీలుంటే కుటుంబ జీవితాన్ని ప్లాన్ చేసుకోవచ్చు. కారాసెక్ చెప్పిన అదుపుకు ఇది చాలా సరళమైన రూపం (చూ. డ్రైవర్ల అలసట).

ఇంటి నుంచి పని. పులివెందుల జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల, ప్రొద్దుటూరు యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ నుంచి వెళ్లిన వారు బెంగళూరు, హైదరాబాదు సంస్థల్లో చేరుతుంటారు. 2020లో వారిలో చాలామంది ల్యాప్‌టాప్‌తో ఇంటికి తిరిగివచ్చారు. అమెరికా వేళలకు పనిచేసేవారికి సాయంత్రం మొదలైన కాల్స్ అర్ధరాత్రి దాటుతాయి. పెద్ద సంస్థల ఉద్యోగులు కాబట్టి సలహా యాప్‌లు, టెలిఫోన్ సేవలు ఎక్కువగా అందేది ఈ వర్గానికే. కాల్స్ మధ్య విరామం, నిర్ణీత వేళ తరువాత సందేశాలను మరునాటికి వాయిదా వేసే సదుపాయం వారు వాడే సాఫ్ట్‌వేర్లలోనే ఉన్నాయి. వాటిని వాడనిచ్చేది మేనేజరు పద్ధతి.

చేనేత, చిన్న వ్యాపారం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గాల దగ్గర, ప్రొద్దుటూరు బంగారు దుకాణాల వెనుక పనిచేసేవారిలో చాలామందికి యజమాని, నెల జీతం, సెలవు అన్న చట్రమే ఉండదు. కూలీ నేసినదాన్ని బట్టి వస్తుంది. సంస్థల కోసం తయారైన సాధనాలు వీరికి అందవు. 14416 సేవ, గ్రామ ఆరోగ్య కేంద్రం నుంచి ఈ-సంజీవని టెలీవైద్య సేవ ద్వారా దొరికే వైద్యుడి సలహా మాత్రమే వీరి అందుబాటులో ఉన్న డిజిటల్ మార్గాలు. తీవ్రమైన సమస్యలకు కడప ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్యం లభిస్తుంది.

ఫలితాలపై ఆధారాలు

పరిశోధనలు ఒకే మాట చెప్పవు, అయినా వాటి మొగ్గు ఎటో తెలుస్తుంది. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం సుమారు 5,000 మంది ఉద్యోగులపై జరిపిన యాదృచ్ఛిక పరీక్ష (2019) క్షేమ కార్యక్రమం వల్ల వైద్య ఖర్చుల్లో గుర్తించదగ్గ తేడా కనిపించలేదని తేల్చింది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన విలియం ఫ్లెమింగ్ 233 బ్రిటిష్ సంస్థల్లోని 46,336 మంది సమాచారాన్ని పరిశీలించాడు. క్షేమ యాప్‌లు, ఒత్తిడి నిర్వహణ తరగతుల్లో పాల్గొన్నవారు పాల్గొననివారి కంటే మెరుగ్గా లేరని 2024లో ప్రచురించాడు. స్వచ్ఛంద సేవ ఒక్కటే దీనికి మినహాయింపు. ఒకేసారి తీసిన సమాచారం కాబట్టి కారణాన్ని నిరూపించలేమన్న విమర్శ దీనిపై ఉంది. వైద్యుల బర్నవుట్‌పై 2017లో పనాజియోటీ బృందం చేసిన సమీక్షలో పని అమరికను మార్చే చర్యల ప్రభావం వ్యక్తిగత శిక్షణ ప్రభావం కంటే ఎక్కువగా కనిపించింది.

పనిగంటల ప్రభావంపై ఆధారాలు మరింత బలమైనవి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెపోటు వంటి జబ్బులతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో సంయుక్తంగా అంచనా వేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా పని పరిస్థితుల మార్పు, మేనేజర్ల శిక్షణ, వ్యక్తిగత సహాయం అన్నింటినీ కలిపి సిఫారసు చేశాయి.

గోప్యత, చట్టం

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చికిత్స వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. ఆ హక్కు వైద్య వ్యవస్థకు వర్తించినంత స్పష్టంగా, యజమాని కొనుగోలు చేసిన యాప్‌కు వర్తించదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక వర్గంగా విడదీయలేదు. పైగా ఉద్యోగ అవసరాల కోసం కొన్ని సందర్భాల్లో యజమాని సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకోవడానికి ఏడో సెక్షన్ వీలిస్తుంది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి.

పనిగంటల విషయంలో, 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 రోజుకు 9, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. రోజువారీ పరిమితిని 10 గంటలకు పెంచే సవరణలకు రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదం తెలపగా కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. వారానికి 48 గంటల పరిమితి మారలేదు.

ఒక సాధనాన్ని ప్రవేశపెట్టే ముందు కార్మిక సంఘాలు, ఉద్యోగ సంఘాలు రాతపూర్వకంగా కోరదగిన హామీలు నాలుగు. సేకరించే వివరాల జాబితా ఉద్యోగికి చూపాలి. వ్యక్తిగత జవాబులు పైఅధికారికి చేరకూడదు. పదోన్నతి, బదిలీ, క్రమశిక్షణ చర్యల్లో వాటిని వాడకూడదు. సాధనాన్ని వాడనందుకు ఎవరికీ నష్టం కలగకూడదు. యాప్ పెట్టుకోవడానికి ఫోను, డేటా ఖర్చు ఎవరిదన్న ప్రశ్న 2022 హాజరు వివాదంలో మొదటి నుంచీ ఉంది, క్షేమ యాప్‌లకూ అది వర్తిస్తుంది (చూ. ముఖ గుర్తింపు హాజరు, వ్యక్తిగత సమాచార రక్షణ).